ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక్క అంకె చూడండి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా చదువు గురించి, క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల కష్టం గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. ఈసారి మేము ఒక వస్తువు గురించి రాయదలచుకున్నాం. ఆ వస్తువు ల్యాప్‌టాప్. ఇది కూడా సంచికలో రాయదగ్గ విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. కానీ మనలో చాలామంది ఇళ్లలో పెళ్లి, ఆసుపత్రి, ఇల్లు తర్వాత ఒకేసారి చేతినుండి పోయే పెద్ద మొత్తం ఇప్పుడు ఇదే. బర్రెను కొనేటప్పుడు మన నాయనలు పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు, పాలు పితికి చూస్తారు, పదిమందిని అడుగుతారు. మనం మాత్రం మూత మీద అతికించిన స్టిక్కరు చూసి ఇరవై వేలు లెక్కపెట్టి ఇచ్చి వస్తున్నాం. ఇది మారాలన్నదే మా ఉద్దేశం.

మేము అంటే ముగ్గురం. ఈ హాస్టల్‌లోనే ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పదో తరగతి దాకా చదివాం. ఇప్పుడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్నాం. ఒకరిది ఎం.కాం., ఒకరిది ఎమ్మెస్సీ గణితం, ఒకరిది ఎం.ఏ. తెలుగు. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదలు. అందువల్ల కంప్యూటర్ గురించి అడుగుదామంటే ఇంట్లో అన్న లేడు, మామ లేడు. తెలుసుకున్నదంతా డబ్బులు పోగొట్టుకుని తెలుసుకున్నదే. మీ డబ్బులు పోకూడదని ఇది రాస్తున్నాం.

మొదటి తప్పు

2021లో మేము డిగ్రీ మొదటి సంవత్సరం. కరోనా వల్ల కాలేజీలు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. హాస్టళ్లు కూడా మూశారు. అందరం ఊళ్లకు పోయాం. ఫోన్‌లోనే క్లాసు వింటూ, అదే ఫోన్‌లో నోట్సు చూస్తూ చదవడం ఎంత కష్టమో ఆ ఏడు చదివిన వాళ్లందరికీ తెలుసు. మా కామర్సువాడి అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుని 22 వేలు పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చింది. అట్టపెట్టె విప్పిన రోజు వాడంత గొప్పవాడు ఊళ్లో లేడు. అది సన్నగా, పలకంత తేలిగ్గా ఉండేది. వాడకట్టు పిల్లలంతా వచ్చి ముట్టుకుని పోయారు.

అందులో ర్యామ్ 4 జీబీ. ఫైళ్లు దాచుకునే స్థలం 64 జీబీ. రెండూ బోర్డుకే అతికించి వచ్చాయి. ఆ సంగతి మాకు తెలియదు, తెలిసినా దాని అర్థం తెలియదు. ఏడాది తిరిగేసరికి విండోస్ అప్‌డేట్లకే ఆ స్థలం చాలక రోజూ హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. ట్యాలీ, ఎక్సెల్ రెండూ ఒకేసారి తెరిస్తే మౌస్ బాణం కదిలేది కాదు. రిపేరు షాపుకు తీసుకుపోతే ఆయన అడుగు భాగం విప్పి చూసి, మళ్లీ బిగించి, "దీంట్ల పెంచనీకి ఏం లేదు తమ్మీ, స్లాటే లేదు" అన్నాడు. చూసినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు.

డిగ్రీ మూడో ఏడు వచ్చేసరికి అది మూలకు పడింది. సంఘంలో అమ్మ కట్టవలసిన కిస్తీలు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఆగిపోయింది, కిస్తీలు ఆగలేదు. పత్తి ఏరిన కూలి డబ్బులు పనిచేయని వస్తువు కోసం ప్రతి నెలా సంఘానికి పోతుంటే చూసిన వాళ్లం మేము. అందుకే రెండోసారి కొనేటప్పుడు భయపడ్డాం. ఆ భయమే మాకు మేలు చేసింది.

ముగ్గురికీ ఒక్కటి

పీజీకి వచ్చాక ల్యాప్‌టాప్ లేకుండా గడవని పరిస్థితి వచ్చింది. కామర్సువాడు మధ్యాహ్నాలు ఒక అకౌంటెంటు దగ్గర పనికి పోతాడు. సొంత ల్యాప్‌టాప్ ఉంటే ట్యాలీ ఎంట్రీలు రాత్రిపూట గదిలోనే చేసుకోవచ్చు, డబ్బులు పెంచుతామన్నారు. తెలుగు ఎం.ఏ. వాడు డీటీపీ నేర్చుకున్నాడు. థీసిస్‌లు, ప్రాజెక్టులు, పెళ్లి పత్రికలు టైపు చేసి పేజీకి ఇంత అని సంపాదించగలడు. లెక్కలవాడికి పైథాన్‌లో ప్రాజెక్టు చేయాలి. ముగ్గురికీ అవసరమే. ఎవరికీ ఒక్కడే కొనే స్తోమత లేదు.

స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు కదా. అందుకని ఒకడు పెళ్లిళ్లలో క్యాటరింగుకు పోయి వడ్డించిన డబ్బులు, ఒకడు ట్యూషన్లు చెప్పిన డబ్బులు, ఒకడు అకౌంటెంటు ఇచ్చిన జీతం కూడబెట్టాం. తలా ఏడు వేల చిల్లర అయింది. ముగ్గురం కలిసి ఒక్కటి కొనాలని, వంతులు వేసుకుని వాడుకోవాలని అనుకున్నాం.

2025 ఆగస్టులో ఒక ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుని తార్నాకలో బస్సెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాం. అందరూ సీటీసీ అంటారు. కంప్యూటర్ షాపులన్నీ ఒక్కచోట ఉంటాయి. కొత్తవీ ఉంటాయి, వాడినవీ ఉంటాయి. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి మార్చేసిన ల్యాప్‌టాప్‌లను తుడిచి, బాగుచేసి అమ్ముతారు. వాటినే రీఫర్బిష్డ్ అంటున్నారు. ఇరవై వేలలో కొత్తవి మళ్లీ మేము 2021లో కొన్నలాంటివే కనిపించాయి. కాబట్టి వాడినవే చూశాం.

ఒక షాపులో రెండు థింక్‌ప్యాడ్‌లు పక్కపక్కన పెట్టి చూపించారు. థింక్‌ప్యాడ్ అనే పేరు 1992లో ఐబీఎం కంపెనీ మొదలుపెట్టింది. 2005లో ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని లెనోవో కొనుక్కుంది. నల్లగా ఉంటాయి, కీబోర్డు మధ్యలో ఎర్ర బొట్టు ఉంటుంది. ఆఫీసుల కోసం చేసినవి కాబట్టి విప్పడానికి, బిగించడానికి వీలుగా ఉంటాయి.

ఆ రెండింటిలో ఒకటి టీ470. 2017లో వచ్చింది. రెండోది టీ480. 2018లో వచ్చింది. రెండూ 14 అంగుళాల తెరవే. రెండింటికీ లోపల ఒక బ్యాటరీ, వెనుక ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఇంకొకటి. రెండింటిలోనూ ర్యామ్‌కు రెండు స్లాట్లు. మూతలు మూసి పెడితే ఏది ఏదో మాకు తెలియలేదు.

టీ470లో ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధర 21,000. టీ480లో ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధర 21,500.

మీరైతే ఏది తీసుకుంటారు? ఐదు వందలు తక్కువ. ఐ5కు బదులు ఐ7. ర్యామ్ రెండింతలు. స్థలం రెండింతలు. షాపాయన కూడా అదే చెప్పాడు. "ఐ7 తమ్మీ, పదహారు జీబీ. ఆలోచించేదేముంది, తీస్కపోండి." మా చేతులు అప్పటికే జేబులోకి పోయాయి. కానీ 2021 గుర్తొచ్చింది. రేపు వస్తామని చెప్పి రెండు ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్ నంబర్లు కాగితం మీద రాసుకుని వచ్చేశాం.

ఒక కాగితం, రెండు వరుసలు

ఆ రాత్రి గదిలో కూర్చుని వాదించుకున్నాం. ఇద్దరం ఐ7 వైపు, ఒకడు ఎటూ తేల్చుకోలేదు. మధ్యలో కామర్సువాడు ఇంటికి ఫోన్ చేశాడు. సంగతంతా అమ్మకు చెప్పాడు. ఐ5, ఐ7, జీబీలు అన్నీ చెప్పాడు. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "అది ఎన్నేండ్లు వస్తది బిడ్డా?"

షాపులో మేము ఆ ప్రశ్న అడగలేదు. ఎంత వేగం అని అడిగాం, ఎంత స్థలం అని అడిగాం, ఎంతకు ఇస్తారని అడిగాం. ఎన్నేళ్లు వస్తుందని అడగలేదు. పనిచేయని ల్యాప్‌టాప్‌కు కిస్తీ కట్టిన మనిషికే ఆ ప్రశ్న తట్టింది.

అప్పుడు ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీశాం. ఎడమవైపు "తర్వాత మార్చుకోగలిగినవి" అని, కుడివైపు "ఎప్పటికీ మార్చుకోలేనివి" అని రాశాం. ఈ రెండు ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మార్చుకోవచ్చు, స్లాట్లున్నాయి. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. వెనుక బ్యాటరీ మార్చుకోవచ్చు. కీబోర్డు కూడా మార్చుకోవచ్చు. ఇవన్నీ ఎడమవైపు పోయాయి. కుడివైపు మిగిలింది ఒక్కటే, ప్రాసెసర్. అది బోర్డుకే అతికి ఉంటుంది. ఏది వస్తే అదే, చివరిదాకా.

అంటే టీ470కి ఉన్న గొప్పలు రెండూ, ర్యామూ ఎస్‌ఎస్‌డీ, ఎడమ వరుసలోవే. చేతిలో డబ్బు ఉన్ననాడు టీ480లో కూడా అవి వేసుకోవచ్చు. టీ470 ప్రాసెసర్‌ను మాత్రం ఎంత డబ్బు పెట్టినా టీ480 ప్రాసెసర్‌గా మార్చలేం. ఇక తేల్చుకోవలసింది ఆ రెండు ప్రాసెసర్లలో ఏది ఎక్కువ కాలం వస్తుందన్నదే.

గీత తర్వాత అంకె

మేము రాసుకొచ్చిన నంబర్లు ఇవి. టీ470లో ఐ7-7600యూ. టీ480లో ఐ5-8350యూ. స్టిక్కరు మీద ఐ7, ఐ5 అని మాత్రమే పెద్దగా కనిపిస్తుంది. కానీ చూడవలసింది ఆ గీత తర్వాత అంకె. 7600లో మొదటి 7 అంటే ఏడో తరం. 8350లో మొదటి 8 అంటే ఎనిమిదో తరం. షాపుల్లో సెవెంత్ జెన్, ఎయిత్ జెన్ అంటారు. పదో తరం నుండి మొదటి రెండంకెలు చూడాలి. ఐ5-1235యూ అంటే పన్నెండో తరం. 2023 చివరి నుండి ఇంటెల్ కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు కోర్ అల్ట్రా వంటి వేరే పేర్లు పెడుతోంది. కానీ మన చేతికి అందే ధరల్లో ఇంకా చాలాకాలం ఈ పాత అంకెలే కనిపిస్తాయి.

ఏడుకూ ఎనిమిదికీ మధ్య రెండు తేడాలున్నాయి.

మొదటిది, ఆ ఏడో తరం ఐ7లో కోర్లు రెండే. ఎనిమిదో తరం ఐ5లో నాలుగు. మన మెస్‌లో రెండు వందల మందికి ఇద్దరు వడ్డించడానికీ నలుగురు వడ్డించడానికీ ఎంత తేడానో అంత తేడా. ఒక్కడే కంచం పట్టుకుని వస్తే ఇద్దరున్నా నలుగురున్నా ఒకటే. కాబట్టి ఒక్క పని మాత్రమే చేస్తే తేడా తెలియదు. ట్యాలీ, ఎక్సెల్, ఇంటర్నెట్, వెనుక వైరస్ స్కానింగు అన్నీ ఒకేసారి వరుస కడితే తెలుస్తుంది. అంటే ఇక్కడ ఐ7 కంటే ఐ5 మేలు. ఈ మాట మాకు షాపులో ఎవరూ చెప్పలేదు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒక గీత గీసింది. ఇంటెల్ ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం, ఆపై వాటికే అధికారికంగా మద్దతు ఇస్తామంది. ఏడో తరం ఆ గీతకు అవతల ఉండిపోయింది. పాత విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు దాకా పొడిగించారు. మేము షాపుకు పోయింది ఆగస్టులో. అంటే ఆ ఐ7కు మేము డబ్బు కట్టిన రెండు నెలలకే గడువు తీరేది.

"కానీ టీ470లో విండోస్ 11 పనిచేస్తూ చూపించారు కదా" అని లెక్కలవాడు అడిగాడు. నిజమే, చూపించారు. తనిఖీని తప్పించి ఎక్కించే ఉపాయాలున్నాయి. కానీ అర్హత లేని యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. ఇది టికెట్ లేకుండా రైలెక్కడం లాంటిది. బండి కదులుతుంది, ఊరు చేరతామన్న భరోసా ఉండదు. ఊరికే పాటలు వినే ల్యాప్‌టాప్ అయితే ఏమోగాని, ఇతరుల ఖాతా పుస్తకాలు ఉండే ల్యాప్‌టాప్‌లో అట్లా ఉండకూడదు.

లెక్కలవాడి వాదన

ఇక్కడ మా లెక్కలవాడి వాదన కూడా రాయకపోతే అన్యాయమవుతుంది. వాడు అన్నది ఇది. విండోసే ఎందుకు? ఉబుంటు వంటి లైనక్స్ ఉచితం. ఏడో తరం మీద చక్కగా నడుస్తుంది, అప్‌డేట్లు వస్తాయి. పైథాన్‌కు అదే మేలు. అప్పుడు 16 జీబీ ర్యామ్ ఉన్న ఐ7 తక్కువ ధరకు వచ్చినట్టే కదా?

వాడు చెప్పినది తప్పు కాదు. వాడొక్కడే కొనుక్కునేదైతే అదే సరి. కానీ కామర్సువాడి ట్యాలీ విండోస్ కోసం చేసినది. తెలుగువాడి అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కూడా విండోస్ మీదే. మన డీటీపీ సెంటర్లలో ఈనాటికీ పని అడిగేది వాటి మీదే. మా ముగ్గురిలో ఇద్దరికి అన్నం పెట్టే పని విండోస్‌తో ముడిపడి ఉంది.

కాబట్టి మేము నేర్చుకున్న వరుస ఇది. ముందు ల్యాప్‌టాప్ చూడకూడదు. ముందు మన పని చూడాలి. ఆ పనికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలో చూడాలి. ఆ సాఫ్ట్‌వేర్ దేని మీద నడుస్తుందో చూడాలి. అది ఏ తరం ప్రాసెసర్ అడుగుతుందో చూడాలి. ఆ తర్వాతే షాపు మెట్లెక్కాలి. మేము 2021లో దీన్ని తలకిందులుగా చేశాం.

మరుసటి రోజు పోయి టీ480 తెచ్చుకున్నాం.

ఖర్చు లెక్క దాచుకోవద్దు

మేము గెలిచామని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. టీ480 తెచ్చిన రెండు నెలలకే 8 జీబీ చాలదని తెలిసింది. ముగ్గురి పనులూ ఒకే యంత్రం మీద పడేసరికి సాయంత్రానికి మూలిగేది. "నేను చెప్పలేదా?" అని లెక్కలవాడు రోజుకోసారి అనేవాడు. ఇంకో 8 జీబీ ముక్క వేద్దామంటే స్కాలర్‌షిప్ రాలేదు. ఈలోగా 2025 చివరి నుండి ప్రపంచమంతటా ర్యామ్ ధరలు పెరిగిపోయాయి. ఆగస్టులో 1,500 అని చెప్పిన ముక్కకే 2026 జనవరిలో 3,200 అడిగారు. పెళ్లి పత్రికలు టైపు చేసిన డబ్బులతో అది కొన్నాం. వెనుక బ్యాటరీ ఊడదీసి, లోపలి బ్యాటరీని బయోస్‌లో ఆపి, స్క్రూలు విప్పి మేమే బిగించుకున్నాం. మొదటిసారి తెరిచినప్పుడు ముగ్గురికీ చేతులు వణికాయి.

మొత్తం 24,700 అయింది. ఐ7 కంటే 3,700 ఎక్కువ. స్థలం ఇంకా 256 జీబీయే. ఆ డబ్బు మాకు చిన్నది కాదు. అయినా మళ్లీ కొనవలసి వస్తే అదే కొంటాం. ఎందుకంటే టీ480లో కొరత పడ్డది ఎడమ వరుసలోది, ఆలస్యమైనా తీరింది. టీ470లో కొరత పడేది కుడి వరుసలోది, దానికి మందు లేదు. 2021 ల్యాప్‌టాప్‌లో అన్నీ కుడి వరుసలోవే అయినందుకే అది చచ్చిపోయింది.

ఈ కాగితం కొత్త ల్యాప్‌టాప్‌కు కూడా పనికొస్తుంది. ఇప్పుడు సన్నగా వచ్చే కొత్తవాటిలో చాలావరకు ర్యామ్ బోర్డుకే అతికించి వస్తోంది. అలాంటప్పుడు ర్యామ్ ఎడమ వరుస నుండి కుడి వరుసకు మారిపోతుంది. స్లాట్ ఉంటే 8 జీబీతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు. స్లాట్ లేకపోతే మొదటి రోజే 16 జీబీ ఉన్నదే తీసుకోవాలి, లేదా వదిలేయాలి. "ర్యామ్ ఎంత?" అని అందరూ అడుగుతారు. "పెంచుకోవచ్చా?" అని మీరు అడగండి.

షాపులో చూడవలసినవి

వాడిన ల్యాప్‌టాప్ కొనేవాళ్ల కోసం మేము పాటించినవి, పాటించక ఇబ్బంది పడినవి కలిపి రాస్తున్నాం.

ఒకటి, ప్రాసెసర్ పూర్తి నంబరు సెట్టింగ్స్‌లో తెరిపించి కళ్లతో చూడండి. స్టిక్కరును నమ్మకండి, స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి.

రెండు, ఆపి మళ్లీ ఆన్ చేయించి బయోస్‌లోకి పోయి చూడండి. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కితే వస్తుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే పాత కంపెనీ తాళం ఇంకా తీయలేదన్నమాట. ఎంత తక్కువకు ఇచ్చినా అది తీసుకోవద్దు.

మూడు, బ్యాటరీ రిపోర్టు తీసి చూపించమనండి. విండోస్‌లోనే ఆ వీలుంది. తయారైన రోజు ఎంత శక్తి పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అని పక్కపక్కన ఉంటుంది. సగానికి పడిపోయి ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించి బేరమాడండి.

నాలుగు, తెర నాణ్యత అడగండి. ఒకే మోడల్‌లో 1366×768 తెర ఉన్నవీ, 1920×1080 తెర ఉన్నవీ వచ్చాయి. రోజంతా అక్షరాలు చూసేవాళ్లకు రెండోదే మేలు.

ఐదు, నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి అక్షరం మీటా నొక్కి చూడండి. యూఎస్‌బీలు, ఛార్జింగు, వైఫై, కెమెరా, స్పీకరు అన్నీ అక్కడే చూడండి. మేము ఒక యూఎస్‌బీ చూడకుండా తెచ్చుకున్నాం, అది ఇప్పటికీ పనిచేయదు.

ఆరు, ల్యాప్‌టాప్ మీద ఉన్న సీరియల్ నంబరు వేసి, వారంటీ ఎన్ని నెలలో రాసి, సంతకంతో బిల్లు తీసుకోండి. నోటి మాట వారంటీ షాపు గడప దాటదు.

ఇవన్నీ అడిగితే షాపువాళ్లు విసుక్కుంటారేమోనని మనకు మొహమాటం. మంచి షాపువాడు విసుక్కోడు. విసుక్కుంటే పక్క షాపు ఉంది.

ఇంకొక మాట. సెకండ్ హ్యాండ్ అంటే చిన్నతనంగా భావించే తమ్ముళ్లు ఉన్నారు. క్లాసులో అందరూ కొత్తవి తెస్తుంటే మనం గీతలు పడ్డది ఎట్లా తెస్తామని నెలనెలా కిస్తీల మీద నలభై, యాభై వేలవి కొంటున్నారు. మిత్రులారా, మనం సీనియర్ల పుస్తకాలు చదివి పాసైనవాళ్లం. అట్ట చిరిగిందని లోపలి పాఠం మారలేదు కదా. చేతిలో డబ్బుండి కొత్తది కొంటే మంచిదే, వారంటీ ఉంటుంది. పక్కవాడి కోసం మాత్రం అప్పు చేయకండి. ఆ అప్పు కట్టేది మనం కాదు, ఇంటి దగ్గర అమ్మానాన్నలు.

మన హాస్టల్‌కు ఒక ప్రతిపాదన

ఇప్పుడు మా గదిలో ల్యాప్‌టాప్‌కు టైం టేబుల్ ఉంది. తెల్లవారుజామున లెక్కలవాడు, పగలు తెలుగువాడు, రాత్రి కామర్సువాడు. హాస్టల్‌లో స్టడీ అవర్‌కు గంట కొట్టినట్టే గంటలు పాటిస్తున్నాం. పీజీ అయిపోయాక ఎవరి ఉద్యోగానికి అవసరమైతే వాడు ఉంచుకుని మిగతా ఇద్దరి వాటా తిరిగి ఇవ్వాలని కాగితం రాసుకున్నాం. స్నేహం వేరు, లెక్క వేరు.

చివరగా పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. మీలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు. విండోస్ 11 ఎక్కలేదని మీ ఇళ్లలో పక్కన పడేసిన ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు ఉండి ఉంటాయి. వాటిని పాత సామాన్ల వాళ్లకు వేయకండి. మా లెక్కలవాడు చెప్పిన మాట అక్కడ పనికొస్తుంది. వాటి మీద ఉబుంటు వేస్తే టైపింగు నేర్చుకోవడానికి, పైథాన్ మొదలుపెట్టడానికి, లెక్కల పట్టికలు చేయడానికి నిక్షేపంగా పనిచేస్తాయి. మా సంపాదనకు సరిపోనిది మన హాస్టల్ పిల్లల చదువుకు సరిపోతుంది. ప్రతి వార్షికోత్సవానికీ శాలువాలు, జ్ఞాపికలు తెస్తున్నాం. వచ్చే ఏడు వాటికి బదులు స్టడీ హాలుకు రెండు పాత ల్యాప్‌టాప్‌లు తెద్దాం. ఉబుంటు వేసి, సరిచేసి, పదో తరగతి పిల్లలకు నేర్పే పని మా ముగ్గురిదీ. ఎండాకాలం సెలవుల్లో వచ్చి పది రోజులు ఉంటాం. వార్డెన్ గారితో మాట్లాడాం, స్టడీ హాలులో ఒక బల్ల, ప్లగ్గు ఇస్తామన్నారు.

ఇక ల్యాప్‌టాప్ కొనబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. రెండు ఒకేలా కనిపించి ఎటూ తేలకపోతే డబ్బు కట్టకుండా ఒక రాత్రి ఆగండి. కాగితం మీద గీత గీయండి, మార్చుకోలేనిది ఏదో రాసుకోండి. ఇంకా సందేహం ఉంటే రెండింటి నంబర్లు రాసుకుని మా దగ్గరకు రండి. మన హాస్టల్ పేరు చెప్తే చాలు, ముగ్గురిలో ఎవరో ఒకరు మీ వెంట సీటీసీకి వస్తాం. బస్సు చార్జీలు మావే.